ముప్పై కెమెరాల చలికాలం

ఆ చలికాలం మా ఇంట్లో ముగ్గురం కలిసి ఒక సినిమా కెమెరా చేశాం. పాతదాన్ని బాగుచేయడం కాదు, కొత్తది. రీలు వేసి తిప్పే రకం. మా కొండమీద ఆ పని జరిగి నలభై ఏళ్ళు కావస్తోంది. అప్పట్లో అవి చేసిన ఫ్యాక్టరీ భవనంలో ఇప్పుడు ఒక పళ్ళ డాక్టరూ, యోగా నేర్పే ఆవిడా ఉంటున్నారు. ఊళ్ళో ఎవరికి చెప్పినా "సినిమా కెమెరానా? ఫోనుందిగా!" అనేవాళ్ళే. నేను వాళ్ళతో వాదించలేదు. మా జురా కొండల్లో మంచులో నిలబడి వాదనకు దిగితే దక్కేది జలుబొక్కటే.

మా బతుకు మరమ్మతుల మీద. ఇంటి కింది భాగమంతా వర్క్‌షాపు. ప్రపంచంలో ఎక్కడెక్కడి నుంచో పాత కెమెరాలు మా దగ్గరికి పార్సిళ్ళలో వస్తాయి. మా నాన్న ఒక్తావ్ ఆ ఫ్యాక్టరీలో గోళ్ళ బల్ల దగ్గర పనిచేసినవాడు. ఎనభై దాటినా రోజూ కిందికి దిగి, నా పనికి వంకలు పెట్టి, మళ్ళీ పైకి వెళ్ళేవాడు.

గోరు అంటే వేలి గోరు కాదు. ఫిల్ము అంచున వరసగా చిల్లులుంటాయి కదా, కెమెరా లోపలి ఉక్కు కొక్కెం ఒకటి ఆ చిల్లులో దూరి, ఫిల్మును ఒక బొమ్మంత కిందికి లాగి, బయటికొచ్చి, పైకెళ్ళి ఇంకో చిల్లులో దూరుతుంది. సెకనుకు ఇరవై నాలుగుసార్లు ఇదే పని. దాన్నే మేము గోరంటాం. లాగిన ప్రతిసారీ ఫిల్మును అదే చోట నిలబెట్టాలి. వెంట్రుకలో పదో వంతు అటూ ఇటూ అయినా తెరమీద ఇళ్ళు ఊగుతాయి, కొండలు వణుకుతాయి.

ఫ్యాక్టరీ పోయాక విడిభాగాలు చేసేవాళ్ళు లేరు. ఒకదానికి చక్రం కావాలంటే ఇంకోదాని పొట్ట కోయాల్సిందే. మూడింటిని చంపి రెండింటిని బతికించడం నా వృత్తి. నాకు విసుగొచ్చేసింది. ఎవరితోనూ అనలేదు గానీ, నేను పోయేలోగా ఒక్క వస్తువైనా మొదటినుంచీ నా చేత్తో పుట్టించాలని చచ్చేంత కోరికగా ఉండేది.

మొదటి మంచు పడిన వారంలో అనూక్ వచ్చింది. లోజాన్ నగరం మనిషి. ఇంకా ఫిల్ముమీదే సినిమాలు తీస్తుంది. అలాంటి పిచ్చివాళ్ళను నాలుగు దేశాల్లో పోగుచేసి ఒక సంఘం కూడా పెట్టింది. మా దగ్గర మరమ్మతుకు ఇచ్చిన కెమెరా తీసుకోవడానికి వచ్చి, బూట్ల మంచు దులుపుకోకుండానే బల్ల దగ్గర కూర్చుంది.

"ఎలియాన్, సూటిగా అడుగుతాను. ఇంకెంతకాలం ఇలా అతుకులేస్తావు?"

"పాత కెమెరాలు ఉన్నంతకాలం."

"అవి అయిపోతే?"

"నేనూ అయిపోతాను. ఏం, నీకు తొందరగా ఉందా?"

ఆవిడ నవ్వలేదు. "ఫిల్ము ఇంకా తయారవుతోంది. ల్యాబుల్లో కడిగేవాళ్ళున్నారు. కెమెరాలే లేవు. పెట్రోలు ఉండీ కార్లు లేనట్టుంది మా పని. కొత్తది చేసి పెడితే ముప్పైమంది తీసుకుంటారు. మాట తీసుకునే వచ్చాను. చెయ్యగలరా, లేదా?"

అప్పుడే నా భర్త రెజిస్ లోయలో పని ముగించుకుని వచ్చాడు. అక్కడ గడియారాల భాగాలు చేసే కంపెనీలో లోహం కోసే కంప్యూటర్ మిషను నడుపుతాడు. అనూక్ మాటలు గుమ్మంలోనే విన్నాడు. కోటు విప్పకుండానే "ఎందుకు చెయ్యలేం?" అన్నాడు. "ఆ కాలం మిషన్లకన్నా ఇప్పటివి నూరు రెట్లు నయం. మన మూలనున్న పాత కంప్యూటర్ మిషను చాలు. డ్రాయింగులు మామయ్య దగ్గరున్నాయి."

మూల కుర్చీలో ఉన్న నాన్న తల ఎత్తలేదు. "డ్రాయింగులున్నాయి, మిషనుంది, అల్లుడున్నాడు. ఇంకేం కావాలి! కాఫీ పెట్టే మిషను ఉండనే ఉంది, తాగే మిషను కూడా ఒకటి తెచ్చుకుంటే నేను పడుకుంటాను."

"ఎగతాళి తర్వాత చేద్దురుగాని మామయ్యా. మీరు చేతులు కలుపుతారా లేదా, అది చెప్పండి."

"కలపనని ఎవడన్నాడు?"

అలా కుదిరింది. మొదటి కెమెరా ఖర్చు సంఘానిది. ఈస్టరులోగా అది నిలకడ పరీక్ష నెగ్గితే ముప్పై చేయిస్తారు. రెజిస్ జీతం లేని సెలవు పెట్టాడు. "ఈస్టరు దాటిన సోమవారం నీ మిషను ముందు నువ్వుండాలి. లేదంటే ఇంకెవడో ఉంటాడు" అని మేస్త్రీ ముందే చెప్పాడట. ముప్పై వస్తే రెజిస్ లోయకు దిగక్కర్లేదు, నేను శవాల పొట్టలు కోయక్కర్లేదు. రాకపోతే ఉన్న విడిభాగాలు అయిపోయేదాకా ఈడ్చి వర్క్‌షాపుకు తాళం వేసుకోవడమే. ముగ్గురికీ ఆ సంగతి తెలుసు. ఎవరమూ పైకి అనలేదు.

క్రిస్మసు లోపలే పెట్టె తయారైంది. రెజిస్ మిషనుమీద అల్యూమినియం దిమ్మెలోంచి కెమెరా ఒళ్ళు బయటికి వస్తుంటే చూడముచ్చటగా ఉండేది. రోజంతా ఆ మిషను రొద, నా ఆకురాయి రొద, మా ఇద్దరినీ తిట్టే నాన్న రొద. ఆ మూడు రొదలమధ్య నేను హాయిగా ఉన్నాను. మధ్యాహ్నం వేళ అందరం ఒకే కుండలో సూపు తాగుతూ, పళ్ళచక్రాల గురించి పోట్లాడుకునేవాళ్ళం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో రెజిస్ పగటిపూట ఇంట్లో ఉన్నది అప్పుడే.

మిగిలింది గోరు. అది ఒంటరిగా పనిచేయదు. దాన్ని ఆడించే చిన్న ఉక్కు చక్రం ఒకటుంటుంది. అదీ ఇదీ పొయ్యిలో గట్టిపరచినప్పుడు కాస్త వంకరపోతాయి, ఏ ముక్కకు ఆ ముక్క తనదైన తీరుగా. అందుకని ఫ్యాక్టరీలో గోరునూ చక్రాన్నీ దగ్గరపెట్టి, వజ్రపు పొడి కలిపిన నూనె రాసి, చేత్తో ఒకదానిమీద ఒకటి నూరి జత కుదిర్చేవారు. కుదిరిన జతను విడదీసి ఇంకోదానితో కలిపితే రెండూ చెత్తకిందే లెక్క. మా కొండమీద ఎడమొహం పెడమొహంగా ఉండే మొగుడూపెళ్ళాలను చూసి "ఎవడో జత మార్చేశాడు" అంటారు.

రెజిస్ ఈ నూరుడు వ్యవహారం అక్కర్లేదన్నాడు. డ్రాయింగులో ఉన్న కొలతకు అణువంత తేడా లేకుండా కోసి, గట్టిపరిచి, కెమెరాలో పెట్టాడు.

నిలకడ పరీక్ష చాలా తేలిక. నల్ల అట్టమీద తెల్ల గీతలతో పెద్ద కూడిక గుర్తు గీస్తారు. కెమెరాను కదలకుండా బిగించి దాన్ని తీస్తారు. తర్వాత ఫిల్మును వెనక్కి చుట్టి, అట్టను రవ్వంత జరిపి, అదే ఫిల్ముమీద మళ్ళీ తీస్తారు. కడిగించి తెరమీద వేస్తే రెండు గుర్తులు పక్కపక్కన కనిపించాలి. రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ కదలకుండా నిలబడితే కెమెరా నెగ్గినట్టు.

ల్యాబునుంచి ఫిల్ము తిరిగొచ్చిన రోజున వంటింటి గోడకు దుప్పటి కట్టి ప్రొజెక్టరు వేశాం. రెండు కూడిక గుర్తులూ తాగుబోతుల్లా ఒకదానిమీదికి ఒకటి తూలుతున్నాయి.

"డ్రాయింగులో ఏ తప్పూ లేదు. మూడుసార్లు కొలిచాను" అన్నాడు రెజిస్.

"తప్పుందని ఎవరన్నారు? డ్రాయింగు పెళ్ళిచూపులకే అల్లుడూ. కాపురం చేత్తో చేయించాలి."

"దీన్ని మిషనుతోనే తీర్చే పద్ధతి ఉంది మామయ్యా, లేకేం? ఆ మిషను ధరకు మన ఊరంతా వచ్చి, పక్క ఊరి చర్చి కొసరొస్తుంది. వేలు చేసేవాళ్ళకు గిట్టుతుంది. ముప్పైకి ఎవడు కొంటాడు?"

"మరి రేపటినుంచి కింద బల్ల దగ్గర నన్ను కూర్చోనివ్వు" అన్నాడు నాన్న.

ఇల్లలకగానే పండగ కాదని నాకు ఆరోజే తెలిసుండాల్సింది. కానీ నాన్న కూర్చుంటానన్నాడు కదా, ఇక అయిపోయినట్టేనని అనుకున్నాను. ఆ గోళ్ళ బల్ల దగ్గర ఆయన్ను మించినవాడు లేడని ఊరంతా చెప్పుకునేది.

జనవరి అంతా ఆయన నూరాడు. రెజిస్ కోసి ఇవ్వడం, ఆయన నూరడం. కళ్ళు మూసుకుని, వేళ్ళమధ్య జతను ఆడించి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. విని, పక్కనున్న రేకు డబ్బాలో పడేసేవాడు. ఆ చప్పుడు పైన వంటింట్లోకి వినిపించేది. టంగ్. కాసేపటికి మళ్ళీ టంగ్. కాఫీ కప్పు సగమే నింపమనడం మొదలుపెట్టాడు, నిండుగా పోస్తే ఒలుకుతోందని.

ఒకరోజు నేను పక్కన కూర్చుని "ఒకటి నన్ను నూరనీ నాన్నా" అన్నాను.

"నీకెందుకు? నువ్వు అతుకులేసే మనిషివి."

"అయితే ఏం చేయాలో చెప్పు, చేస్తాను."

"చెప్పేదేముంది? చేతికి తెలుసు." తన చేతిని తనే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "ఈ ముండాకొడుకు ఇప్పుడు మాట వినడంలేదు, అంతే. వింటాడు."

అతుకులేసే మనిషినన్న మాటకు నాకు చాలా బాధేసింది. అందులో అబద్ధం లేదు కాబట్టి ఇంకా ఎక్కువ వేసింది. పైకి వెళ్ళి గిన్నెలు తోముకున్నాను.

ఫిబ్రవరిలో ఒక పొద్దున నేను కిందికి దిగేసరికి కెమెరా మూత బిగించి ఉంది. నాన్న టోపీ కూడా పెట్టుకుని, ఎక్కడికో బయల్దేరుతున్నవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"జత పెట్టాను. చూడండి" అన్నాడు.

పరీక్ష తీశాం, ఫిల్ము పంపాం, తిరిగొచ్చింది. దుప్పటిమీద రెండు కూడిక గుర్తులూ మేకులు కొట్టినట్టు నిలబడ్డాయి. ప్రొజెక్టరు ఆగిపోయిందేమోనని రెజిస్ వెళ్ళి చూశాడు కూడా. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, గీతలే కదలడంలేదు. రెజిస్ నన్ను ఎత్తి తిప్పాడు. నా వయసుకూ నా బరువుకూ అది తగని పని. నేను ఏడ్చాను, నవ్వాను, ఆ గంతుల్లో దుప్పటి చింపేశాను. ఆ శనివారం అనూక్‌ను పిలిచి ఫాండ్యూ పెట్టాం. కరిగిన చీజులో రొట్టెముక్కలు ముంచుకుంటూ ఆవిడ ఆ రెండు గుర్తులనే మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూసింది.

"ఒక్తావ్‌గారూ, మీ చేతులకు ముద్దు పెట్టాలి" అంది.

"చీజు అంటుకుని ఉంది, వద్దు" అన్నాడు నాన్న. సరిగ్గా తినలేదు. పడిశం పట్టిందని ముందే లేచి వెళ్ళాడు. ఎనభై దాటినవాళ్ళకు సంతోషం కూడా అరగదేమో అనుకున్నాం.

అనూక్ ఆ కెమెరాను మంచులో తిప్పి చూస్తానని తీసుకెళ్ళింది. రెజిస్ ముప్పైకి సరిపడా గోళ్ళూ చక్రాలూ కోయడం మొదలుపెట్టాడు. అవి కుప్పపడుతున్నాయి గానీ రెండో జత మాత్రం కుదరలేదు. "రెండోది ఎప్పుడు నాన్నా?" అని అడిగితే "రేపు" అనేవాడు. మర్నాడడిగినా "రేపే". రేకు డబ్బా చప్పుడు కూడా ఆగిపోయింది. నాన్న కళ్ళు మూసుకుని జతను ఆడిస్తూ ఊరికే కూర్చునేవాడు.

మార్చి వచ్చింది. ఒక గురువారం రెజిస్ కంపెనీకి వెళ్ళాడు, ఇక రానని మేస్త్రీతో మొహంమీదే చెప్పడానికి. అదే రోజున అనూక్ పంపిన పార్సిలు వచ్చింది. శనివారం తను వచ్చి ముప్పైకి సంతకం పెట్టేలోపు నూనె వేసి ఉంచమని కెమెరాను ముందుగా పంపింది. నేను మూత తీసి, గోరును విప్పి, గుడ్డతో తుడిచి వెనక్కి తిప్పాను.

ఫ్యాక్టరీ రోజుల్లో ఉక్కును గట్టిపరచడానికి విషపు ఉప్పును ఎర్రగా కరిగించి అందులో ముంచేవాళ్ళు. అలా ముంచి తీసినదానికి పావురం మెడలా బూడిదరంగుమీద నీలి మచ్చలు పడతాయి. ఆ ఉప్పును నిషేధించి చాలా ఏళ్ళయింది. ఇప్పటి పొయ్యిలోంచి ఉక్కు తెల్లగా తళతళలాడుతూ వస్తుంది. నా చేతిలోని గోరు ముందువైపు నూరి ఉంది కాబట్టి మెరుస్తోంది. వెనకవైపు నీలి మచ్చలున్నాయి. చక్రం తిప్పి చూశాను. దానికీ ఉన్నాయి.

రెండింటినీ గుడ్డలో పెట్టుకుని పైకి వెళ్ళాను. నాన్న వంటింట్లో బంగాళాదుంపలు చెక్కుతున్నాడు.

"నాన్నా, ఈ జత ఎక్కడిది?"

చూశాడు. చెక్కడం ఆపలేదు. "నాదే."

"ఎప్పటిది?"

"ఫ్యాక్టరీ మూసేసిన వారంలో చేసింది. దాన్ని ఎక్కించడానికి కెమెరా లేదు. నూనె కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నా. ఒక్క పూట కూడా నడవలేదు. నడవనిది కొత్తదేగా?"

ఫ్యాక్టరీలో అందరూ అలాగే అనేవాళ్ళు. అలమరలో ఎన్నేళ్ళు పడున్నా, కెమెరాలోకి ఎక్కనంతవరకూ ఆ ముక్క కొత్తదే. మా కొండమీద దాన్ని ఎవరూ తప్పనరు. నాన్న కూడా సగం నమ్మే చేసుంటాడు. మిగతా సగం వల్లనే ఫాండ్యూ దిగలేదు.

"ఇంకెన్ని ఉన్నాయి?"

"లేవు. అదొక్కటే."

"ఎందుకిలా చేశావు?"

అప్పుడు కత్తి కిందపెట్టాడు. "మొదటి పరీక్ష పోయిన రోజు దుప్పటి మడతపెడుతూ ఏడ్చావు. నేను చూడలేదనుకున్నావు. నేను కూర్చుంటే అయిపోతుందనుకున్నానే ఎలియాన్. కాలేదు. పోనీ మొదటిది ఇది పెట్టేస్తే, రెండోది చేసేలోగా చెయ్యి దారికొస్తుందనుకున్నా. రాలేదు. సిగ్గుగా ఉంది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అంతకన్నా ఎక్కువ జాలేసింది. ఆ రెండూ కలిసి నోట్లోంచి వస్తే ఏ మాటవుతుందో తెలియదు కాబట్టి, మిగతా దుంపలు నేను చెక్కాను. పక్కన కూర్చుని ఆయన నాకు ఒక్కొక్కటే అందించాడు.

రెజిస్ మెట్లమీద ఈలవేస్తూ వచ్చాడు. చేతిలో తెల్ల వైను సీసా, మామూలుగా మేము కొనే రకం కాదు.

"చెప్పేశాను! వాడి మొహం చూడాలి మీరు. 'ఈ కాలంలో సినిమా కెమెరాలు ఎవడు చేస్తాడయ్యా' అన్నాడు. 'మా మామ చేస్తాడు' అన్నాను. నా మిషను అప్పటికప్పుడే ఎవడో కొత్తవాడికి చూపించేశాడు, పోనీ పాపం. గ్లాసులు తియ్యి ఎలియాన్." అంటూనే బిరడా లాగేశాడు.

నాన్న లేచి నిలబడ్డాడు.

"అల్లుడూ, మూత పెట్టెయ్."

రెజిస్ నా మొహం చూశాడు. నేను గుడ్డ విప్పి బల్లమీద పెట్టాను. నాన్న తనే చెప్పాడు, నిలబడే, నాలుగు ముక్కల్లో, సాకులేవీ చెప్పకుండా. రెజిస్ అడ్డు తగలకుండా విన్నాడు. తర్వాత బిరడాను సీసాలో పెట్టబోయాడు. ఉబ్బిన వైపు పట్టలేదు. తిప్పి, రెండో వైపు పెట్టి నొక్కాడు.

"సరే" అన్నాడు. గోడకున్న పార తీసుకుని మంచు ఎత్తడానికి వెళ్ళాడు. ఆ రోజు మంచు పడలేదు.

శనివారం అనూక్ వచ్చింది. ఉల్లికాడలూ బంగాళాదుంపలూ మెత్తగా ఉడికించి, పైన సాసేజి పెట్టాను. ఏం జరిగినా వచ్చినవాళ్ళు తినే వెళ్ళాలి కదా. ఆవిడ ముద్ద ఎత్తకముందే నాన్న ఆ గోరునూ చక్రాన్నీ తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"కెమెరా కొత్తదే. వీటి వయసు మాత్రం ఇంచుమించు మీ అంత ఉంటుంది. నేను మోసం చేశాను. మా అమ్మాయికీ అల్లుడికీ తెలియదు."

అనూక్ చాలాసేపు చెయ్యి ముడవలేదు. "అంటే కొత్తది చెయ్యడం కుదరదనా?"

"అలా అనలేదే. నేను చెయ్యలేను, అంతే."

"మరి ఫ్యాక్టరీలో వేలకు వేలు ఎలా చేశారు? అందరూ మీలాంటివాళ్ళేనా?"

"నాలాంటివాళ్ళా!" నాన్న మొదటిసారి గొంతు పెంచాడు. "నేను చేరినప్పుడు వెధవన్నర వెధవని. రెండేళ్ళు పాడుచేశానమ్మా. పొద్దున్నించీ సాయంత్రందాకా నూరడం, పాడుచేయడం. నెల తిరగ్గానే చేతిలో జీతం పెట్టేవాళ్ళు. ఫ్యాక్టరీ అంటే ఆ మిషన్లూ, ఆ డ్రాయింగులూ అనుకుంటారు మీరంతా. పాడుచేసుకోనిచ్చేదే ఫ్యాక్టరీ. అది మూసేశారు."

సాసేజి చల్లారిపోతోందని నేనే అన్నాను.

"మా వాళ్ళు కెమెరాలకోసం డబ్బు కూడబెట్టారు" అంది అనూక్ మెల్లగా. "పాడైన గోళ్ళకోసం రెండేళ్ళు ఆగమని ఏ మొహంతో అడగను? ముప్పైలో ముగ్గురు ఆగుతారేమో. అబద్ధం మాత్రం చెప్పను."

"వద్దు, చెప్పకండి" అన్నాన్నేను.

తినేసి, ఉన్న ఒక్క కెమెరానూ పట్టుకెళ్ళింది. గుమ్మం దగ్గర నాన్న చెయ్యి పట్టుకుని "ఇది ఎన్నాళ్ళు నడుస్తుంది?" అని అడిగింది. "మీ తర్వాత కూడా" అన్నాడు. ముద్దు పెట్టలేదు గానీ, పట్టుకున్న చెయ్యి తొందరగా వదల్లేదు.

ఆ తర్వాత నాన్న కిందికి దిగడం మానేశాడు. రెజిస్ పాత కంపెనీకి ఫోను చేశాడు, లేదన్నారు. రెండు లోయల అవతల ఇంకో కంపెనీలో చోటుంది, వారమంతా అక్కడే గది తీసుకుని ఉండాలి, మిషను దగ్గర కుర్రాళ్ళతో సమానంగా నిలబడాలి. సరేనన్నాడు. నేను వర్క్‌షాపు సర్దడం మొదలుపెట్టాను. కోసిపెట్టిన గోళ్ళూ చక్రాలూ పాత ఇనుముకింద వేసేద్దామని పెట్టెలోకి ఎత్తుతుంటే రెజిస్ వచ్చి పెట్టె లాక్కున్నాడు.

"ఇవి ఎక్కడికి?"

"ఎక్కడికేంటి? ఇంక వీటితో పనేముంది?"

"పాడుచెయ్యి."

"ఏంటీ?"

"మామయ్య చేతులైపోయాయి. నావి మిషను చేతులు. మిగిలినవి నీవే. కూర్చుని పాడుచెయ్యి."

"రెండేళ్ళా? మతి పోయిందా నీకు? అయినా జీతం ఎవడిస్తాడు రెండేళ్ళపాటు..."

"ఎవడిస్తాడంటావేంటి? ఎదురుగా నిలబడ్డానుగా." పెట్టెను బల్లమీద గట్టిగా పెట్టాడు. "నాకేం త్యాగం గీగం లేదు. ఆ మేస్త్రీ ముందు 'మా మామ చేస్తాడు' అని అరిచి వచ్చాను. కనీసం 'మా ఆవిడ చేసింది' అనైనా చెప్పి రావాలి."

నేను తిట్టాను. చాలానే తిట్టాను. వారానికి అయిదురోజులు నువ్వు లేకుండా ఎవరుంటారన్నాను, ఈ వయసులో నీకు గది ఎవరు ఊడుస్తారన్నాను. అన్నిటికీ తలూపాడు. ఆ మనిషిని నేను ఎంత ఇష్టపడుతున్నానో ఆ తిట్ల మధ్యలోనే తెలిసింది. అదీ చెప్పేశాను, తిడుతున్న గొంతుతోనే.

ఈస్టరు దాటిన సోమవారం రెజిస్ సంచీ సర్దుకుని వెళ్ళాడు. రోడ్డు పక్కన మంచు నల్లబడి కరుగుతోంది. నేను బల్ల దగ్గర కూర్చుని, వజ్రపు నూనె రాసి, మొదటి జత పట్టుకున్నాను. మెట్లమీద నాన్న చెప్పుల చప్పుడు వినిపించింది. వచ్చి వెనక కూర్చున్నాడు. కాసేపు విన్నాడు.

"పోయింది" అన్నాడు.

"ఎక్కడ తప్పు చేశానో చెప్పు."

"తెలిస్తే చెప్పనా? ఆ చప్పుడు కాదు, అంతే. ఇంకోటి తియ్యి."

ఇంకోటి తీశాను. అదీ పోయింది. డబ్బాలో వేసినప్పుడల్లా టంగుమనేది. ఆ వారమంతా మా ఇంట్లో ఆ చప్పుడే. బుధవారం నాడు ఒక జత వేళ్ళమధ్య నూనెలో జారినట్టు జారింది. నాన్నవైపు తిరిగాను. ఆయనా ముందుకు వంగాడు. ఇంకో రెండు చుట్లు తిప్పేసరికి గరగరలాడింది. "పోయింది. కానీ చూశావుగా" అన్నాడు. చూశాను. అది చాలు అనలేను గానీ, ఆ రాత్రి నాకు బాగా నిద్రపట్టింది.

శుక్రవారం సాయంత్రం రెజిస్ వచ్చాడు. మొహం పీక్కుపోయింది. అక్కడి కొత్త మేస్త్రీకి ఇంకా మీసాలు కూడా రాలేదట. బూట్లు విప్పి, సూపు తాగి, నాతో కిందికి వచ్చాడు. ఏదైనా కుదిరిందా అని అడగలేదు.

"ఎన్ని పాడుచేశావు?"

డబ్బా చూపించాను. నిండుగా ఉంది. రెండు చేతుల్తో ఎత్తి బరువు చూశాడు, బజారులో పళ్ళబుట్టను చూసినట్టు.

"కష్టపడ్డావు" అన్నాడు.

శనివారం పొద్దున్నే మిషను రొదకు మెలకువ వచ్చింది. కిందికి వెళ్ళి చూస్తే రెజిస్ ఏప్రన్ కట్టుకుని, వచ్చే వారం నేను పాడుచేయడానికి కొత్త గోళ్ళు కోస్తున్నాడు.